నిండు పళ్ళ అమ్మమ్మ

మా అమ్మ తరఫు బంధువులందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఉంది. పొద్దున్నే దేవుడి బొమ్మలు, మధ్యాహ్నం ఆరోగ్య సలహాలు, సాయంత్రానికి ఎవరో ఒకరి అలకలు. మొన్న అందులో ఒక మెసేజ్ వచ్చింది. "మన పెద్దవాళ్ళు ఏనాడైనా పళ్ళ డాక్టరు గుమ్మం ఎక్కారా? బూడిద, ఉప్పు, వేపపుల్ల. అంతే. నిండు పళ్ళతో బతికారు, నిండు పళ్ళతో పోయారు." కింద నోరారా నవ్వుతున్న ఎవరో ముసలమ్మ బొమ్మ.

పంపింది మా మావ కూతురు. నాకంటే కాస్త చిన్నది, నన్ను వదినా అంటుంది. నాకు నోరు ఊరుకోదు కదా. "అవునమ్మా, మీ నానమ్మ నిండు పళ్ళతోనే పోయింది. గుర్తుందా?" అని రాశాను. ఆ పోయిన తీరు దానికి గుర్తొస్తుందనుకున్నాను. జవాబుగా వరసపెట్టి చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. "ఆ తరమే వేరు" అని ఒకాయన తన్మయపడ్డాడు.

వేరే. కాదనను. ఎలా వేరో చెబుతాను, విన్నాక జోడించండి చేతులు.

మా నాన్నకు ఎప్పుడూ బదిలీలే. ఒక ఏడాది బడి మధ్యలో మళ్ళీ ఊరు మారాల్సి వచ్చి, నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరగా, కళింగపట్నం పక్కన చేపలు పట్టుకు బతికే పల్లె అది. ఇంట్లో అమ్మమ్మ, మావ, మావ కూతురు. అత్త అప్పటికే పోయింది. మావ పడవ మీద వేటకెళ్ళేవాడు. తెచ్చిన చేపను గంపకెత్తుకుని అమ్మమ్మ లోపలి ఊళ్ళు తిరిగి అమ్మేది. మిగిలినవి ఇసకలో పరిచి ఎండబెట్టేది. ఆ ఏడాదంతా నా జుట్టుకీ, గౌనుకీ, పుస్తకాలకీ ఎండు నెత్తళ్ళ వాసనే. ఇప్పటికీ రైతుబజార్లో ఎండుచేపల కొట్టు ముందు కాళ్ళు వాటంతటవే ఆగుతాయి.

పొద్దున్నే మాకు పళ్ళ పరీక్ష ఉండేది. సరుగుడు పుల్లలు కాలగా మిగిలిన బూడిదను అమ్మమ్మ పాత చీర గుడ్డలో జల్లించి, ఉప్పు కలిపి కొబ్బరి చిప్పలో ఉంచేది. చూపుడువేలితో తోమాలి. కొబ్బరీనె చీల్చి నాలుక గీసుకోవాలి. తర్వాత అరుగు మీద కూర్చుంటే తను వచ్చి మా ముందు గొంతుక్కూర్చునేది.

"ఒలే గుంటా, ఈ అను."

"ఈ..."

"ఇదేటే, ఇక్కడ పాసి అలాగే ఉన్నాది? తోమినావా, ముద్దెట్టుకున్నావా?"

గడ్డం పట్టుకుని తన వేలితోనే మళ్ళీ తోమేది. ఆ వేలు తాళ్ళు లాగి, గంపలు మోసి, చేపలు కోసి గట్టిపడిపోయిన వేలు. చిగుళ్ళు రక్తాలు కారేవి. ఏడిస్తే, "రగతం వస్తే మంచిదే, సెడ్డ రగతం పోతాది" అనేది. అది శుద్ధ తప్పని ఇప్పుడు నాకు తెలుసు. బూడిద గరుకు పంటి మీది పింగాణీని అరగదీస్తుందనీ తెలుసు. అప్పుడు మాకు తెలిసిందల్లా ఒకటే. ఆ పరీక్ష గట్టెక్కితే గాని గిన్నెలోకి చోడి అంబలి రాదు, పక్కన కాల్చిన ఎండుచేప ముక్క రాదు.

పళ్ళంటే ఆవిడకెందుకంత పట్టుదలో ఒకరోజు ఆవిడే చెప్పింది. "సేపలమ్ముకునేదాని నోరు కంపు కొట్టకూడదే. గంప దించి బేరమాడతాం. నోరు తెరిసీసరికి కంపొచ్చిందనుకో, ఆ కంపు సేపదో నాదో ఆలకేటి తెలుస్తాది? సేప కుల్లిపోనాదని ఎలిపోతారు." అందుకే గంప ఎత్తుకునే ముందు ఇంకోసారి నోరు పుక్కిలించేది. ఆవిడ పళ్ళు తెల్లగా, వరసగా, ఎక్కడా సందు లేకుండా ఉండేవి. వల తాడు ముడి మావకు రాకపోతే తను పళ్ళతో పట్టి లాగి విప్పేది. వేయించిన చింతగింజలు పటపటా కొరికేది. అది చూసి పల్లెలో సగంమంది నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. ఆ నోళ్ళలో పళ్ళు ఉండేవి కావు, అది వేరే సంగతి.

పళ్ళు తోమడం అయ్యాక ఆఖరి మందు ఒకటి ఉండేది. చుట్ట.

పొగాకు మట్టను తడిపి తనే చుట్టుకునేది. వెలిగించి, నాలుగు దమ్ములు బయట లాగి, కొస బాగా ఎర్రబడ్డాక చుట్టను తిప్పి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునేది. పెదాలు మూసేది. ఇక నిప్పు కనబడదు. బయటికి ఒక మట్ట కొస, కాస్త పొగ. అడ్డపొగ అంటారు దీన్ని. మా పల్లెలో నడివయసు దాటిన ఆడవాళ్ళందరికీ అలవాటే. వేరే ఊరివాళ్ళకు చెబితే నమ్మరు. నా కాలేజీ స్నేహితురాలు ఒకతె, నేను కట్టుకథ చెబుతున్నానని నవ్వింది.

ఎందుకలా అంటే పల్లెలో ఎవరి కారణం వాళ్ళకుండేది. సముద్రపు గాలికి బయట నిప్పు నిలవదు. నెత్తిన గంప ఉంటే రెండు చేతులూ పైనే, చుట్ట పట్టుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు. అత్తమామల ముందు నిప్పు కనబడితే మర్యాద కాదు. ఈ మూడో కారణం దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అదే పల్లెలో మగవాళ్ళు గట్టు మీద కూర్చుని ఊరంతటికీ కనబడేలా కాల్చేవాళ్ళు. ఆడవాళ్ళు మాత్రం మర్యాదగా లోపలికి కాల్చుకునేవాళ్ళు, తమ నోటినే.

అమ్మమ్మకు ఇంకో కారణం ఉండేది. "పంట్లో పురుగుంటాదే. బూడిదకి పైపైనే పోతాది. లోపలున్నది ఈ ఏడికే సస్తాది. నా పల్లు సూడు, ఎవులికైనా ఉన్నాయేటి ఇలాంటివి?" సాక్ష్యం ఆవిడ నోట్లోనే ఉంది.

చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, బేరమాడేది. బూడిద నోట్లోనే రాలేది. కొంత ఉమ్మేది, కొంత మింగేది. మా ఇద్దరికీ అదొక గారడీలా ఉండేది. ఒక మధ్యాహ్నం ఆవిడ గంపతో వెళ్ళాక, నేనూ మావ కూతురూ ఎండిన గుమ్మడి తీగ ముక్కలు చుట్టల్లా విరిచి వెలిగించాం. తిప్పి నోట్లో పెట్టుకున్నాం. ఇద్దరం ఒక్కసారే కేకపెట్టాం. సాయంత్రం మా నాలుకలు చూసి అమ్మమ్మ కొబ్బరినూనె రాస్తూ పడీపడీ నవ్వింది. "పచ్చి నోల్లు కదే మీవి! కొంచిం కొంచింగా కాగాలి. పెల్లిల్లవనీండి, నానే నేర్పిత్తాను." ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పాపం, అందులో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

వానలు తగ్గేసరికి ఇంట్లో కూరల రుచి మారింది. చేపల పులుసంటే కళ్ళవెంట నీళ్ళు తిరగాల్సిన ఇంట్లో, కారం తగ్గుతూ తగ్గుతూ పసుపు నీళ్ళకొచ్చింది. మావ కంచం ముందు గొణిగాడు.

"ఏటమ్మా ఇది, పులుసా, బాలింతరాలి పత్తెమా?"

"ఏడి సేసిందిరా. అంగిట్లో మండతన్నాది. రెండ్రోజులు ఊరుకో."

రెండ్రోజులు నెలయ్యాయి. ఆవిడ వేడి అంబలి మానేసి చల్లారాక తాగడం మొదలుపెట్టింది. చింతగింజలు మాకే వదిలేసింది. పొగ మాత్రం పెంచింది. మంట పురుగు వల్లనని ఆవిడ లెక్క. పురుగుకి మందు పొగ.

అప్పుడే మా బడిలో దంతవైద్య శిబిరం పెట్టారు. పట్నం నుంచి వ్యాను వచ్చింది, తెల్లకోట్లు దిగాయి. పిల్లలందరికీ తలో బ్రష్షూ, తలో చిన్న పేస్టూ ఇచ్చారు. పొద్దునా రాత్రీ తోమండి, తీపి తింటే నోరు పుక్కిలించండి, బూడిదా బొగ్గూ వాడకండి అని అట్టబొమ్మ దవడ పట్టుకుని చూపించారు. అన్నీ మంచి మాటలే, ఇప్పుడు నేనూ అవే చెబుతాను. పెద్దవాళ్ళను కూడా వరసగా కూర్చోబెట్టి చూశారు. ఒక కుర్ర డాక్టరు అమ్మమ్మ ముందుకొచ్చి, "ఈ అనండి అమ్మా" అన్నాడు.

పొద్దున్నే మా చేత అనిపించే మనిషి బిడియపడుతూ, నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసి, "ఈ" అంది.

అతను ఆశ్చర్యపోయాడు. మిగతా డాక్టర్లను పిలిచాడు. "చూడండి, ఈ వయసులో ఒక్కటి పుచ్చలేదు, ఒక్కటి కదల్లేదు" అని ఊరంతటి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. ఒక పెద్ద పేస్టూ, ప్లాస్టిక్ మగ్గూ బహుమతిగా ఇచ్చాడు. ఆ పళ్ళకు వెనకవైపు పొగ మసి గారకట్టి నల్లగా ఉండేది. పళ్ళ పైన, అంగిట్లో అప్పటికే ఏముందో మాలో ఎవరం చూసి ఎరగం. తల వెనక్కి వాల్చి "ఆ" అనమ్మా అని అతను ఒక్కసారి అడిగి ఉంటే చాలు. ఈ అంటే పళ్ళు కనబడతాయి. ఆ అంటే అంగిలి కనబడుతుంది. ఒక్క అక్షరం తేడా. కుర్రవాడు, మంచివాడే, ఎదురుగా పండగలా కనబడిన పళ్ళను చూసి మురిసిపోయాడు. ఇన్నేళ్ళయినా అతన్ని పూర్తిగా క్షమించలేకపోతున్నాను, పూర్తిగా తిట్టనూ లేకపోతున్నాను.

పేస్టును అమ్మమ్మ విప్పలేదు. దేవుడి పటం పక్కన పెట్టింది.

మావ కబురు పంపితే మా అమ్మ వచ్చింది. అమ్మ ఆ పల్లెలోనే పుట్టినా పెళ్ళయి బయటికెళ్ళిపోయింది కాబట్టి చుట్ట జోలికి పోలేదు. తగాదా గుమ్మంలోనే మొదలైంది.

"అమ్మా, నోరు తెరు. పైన ఏటున్నాదో సూడనీ."

"నా నోట్లో నీకేటే పని? వొచ్చీరాగానే!"

"కారం తిన్నేకపోతన్నావంట. ఆస్పటలుకి ఎల్దాం పద."

"ఆస్పటలుకెలితే పల్లు పీకీస్తారు. ఎవులెల్లినా అదే కదా సేసినారు? నాను రాను."

"పీకరమ్మా, సూస్తారంతే."

"డాకటేరే ఇంటికొచ్చినట్టొచ్చి నా పల్లు సూసి బగుమానం ఇచ్చినాడు. నువ్వు ఆడికన్నా ఎక్కువ సదివినావా?"

"ఆడు పల్లు సూసినాడే, నోరు సూడనేదు!"

"పల్లు నోట్లో కాక నెత్తి మీదుంటాయేటే?"

మావ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ ఒక్కతే నవ్వలేదు. అప్పటికి తగాదా అమ్మమ్మే గెలిచింది. అమ్మ ఏడుస్తూ బస్సెక్కింది.

ఆ గెలుపు చలికాలమంతా నడిచింది. తర్వాత వాసన మొదలైంది. ముందు మేం ఎండుచేపల వాసననుకున్నాం. ఎండుచేపల మధ్య పెరిగిన ముక్కులకు కూడా తేడా తెలిసేంత వరకూ అలాగే అనుకున్నాం. బడి లేనిరోజు నేను అమ్మమ్మ వెంట చేపలమ్మడానికి వెళ్ళాను. ఎప్పుడూ కొనే ఇంటామె గంప ముందు కూర్చుని, అమ్మమ్మ నోరు తెరిచి ధర చెప్పగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇయ్యాల్టివి కావేటే?"

"ఓలమ్మ, ఇంకా పానం ఉన్నాదే సూడు!" అమ్మమ్మ చేప మొప్ప ఎత్తి చూపించింది. మందారంలా ఎర్రగా ఉంది.

ఆమె మొప్పను చూసింది, అమ్మమ్మను చూసింది, లేచి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మమ్మ మొప్ప ఎత్తి పట్టుకునే ఉండిపోయింది. ఇంటికొచ్చి బూడిద చిప్ప ముందేసుకుని తోమడం మొదలుపెట్టింది. ఉప్పు పిడికిళ్ళతో వేసుకుంది. తోమి, పుక్కిలించి, చుట్ట వెలిగించి, మళ్ళీ తోమి. అప్పటినుంచి రోజూ అదే. మనిషికి తెలిసిన శుభ్రమంతా చేసింది. ఆ శుభ్రంలో సగం ఆవిడను తినేస్తోందని ఎవరూ చెప్పలేదు. చెప్పినవాళ్ళ మాట ఆవిడ వినలేదు.

ఒకరోజు అంబలి తాగుతుంటే ముక్కులోంచి వచ్చింది. పొలమారిందనుకున్నాం. మళ్ళీ తాగింది, మళ్ళీ వచ్చింది. గిన్నె కింద పెట్టి, ముక్కు తుడుచుకుని, వేలు నోట్లో పెట్టి పైన తడుముకుంది. ఆ వేలు ఎక్కడో ఆగాల్సిన చోట ఆగలేదు. ఆవిడ ముఖం చూసి నేను మావను పిలవడానికి పరిగెత్తాను.

ఈసారి తనే ఆసుపత్రికి పదమంది. విశాఖపట్నంలో పెద్దాసుపత్రి. కబురందుకుని మళ్ళీ వచ్చిన అమ్మ, మావ, మధ్యలో అమ్మమ్మ, అమ్మ చెయ్యి పట్టుకుని నేను. డాక్టరు ఒకావిడ. లైటు దించి, "తల వెనక్కి వాల్చి ఆ అనమ్మా" అంది. అమ్మమ్మ అంది. డాక్టరు లైటు ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"చుట్ట తిప్పి కాలుస్తావా?"

"మా కాడ అందరూ అంతే."

డాక్టరు అమ్మవైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. అంగిట్లో మొదట తెల్లగా మచ్చ కట్టి ఉంటుందనీ, అప్పుడే పొగ మానేసి వచ్చి ఉంటే చేయగలిగింది ఉండేదనీ, ఇప్పుడు క్యాన్సరు ఎముక దాటి పైకి పోయిందనీ. ఆపరేషన్ ఊసెత్తలేదు. నొప్పికి మందులు రాసింది. అమ్మమ్మకు ఆ పట్నం మాటలు సగం అందలేదు. ఆవిడ భయం ఆవిడది.

"పల్లు పీకుతారేటమ్మా?" అని అడిగింది.

"లేదమ్మా. పళ్ళు బాగానే ఉన్నాయి" అంది డాక్టరు.

అమ్మమ్మ మా అమ్మవైపు చూసి, "ఇన్నావా?" అంది.

ఆ తర్వాత ఆవిడ మాట పోవడం మొదలైంది. మాట పోవడమంటే మూగపోవడం కాదు. పెదాలు కలిపి అనాల్సినవీ, నాలుక అంగిటికి ఆన్చి అనాల్సినవీ అన్నీ ముక్కులోకి జారిపోయాయి. "బేగి రా" అంటే "మేంఙి రా" అని వచ్చేది. మావ కూతురు మొదటిసారి కిసుక్కున నవ్వితే మావ దాని వీపు పగలగొట్టాడు. పాత చీర పేలికను ఉండచుట్టి, పైన పడ్డ కంతకు అడ్డం పెట్టుకుని, ఆవిడ అంబలి తాగేది. పొగ పీలుద్దామంటే దమ్ము అందేది కాదు, గాలంతా ముక్కులోకే పోయేది. వెలిగించని చుట్టను పెదాల మధ్య పెట్టుకుని గోడకానుకుని కూర్చునేది. జనం చూడ్డానికి వచ్చేవాళ్ళు. గడపకు దూరంగా నిలబడి, ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని, వెళ్ళేటప్పుడు దారిలో చుట్టలు తిప్పి పెట్టుకునేవాళ్ళు. నేను కళ్ళారా చూశాను.

ఎండలు ముదిరేసరికి మంచం దిగలేకపోయింది. పోయిన రోజు మధ్యాహ్నం ఆవిడ పక్కన నేనూ అమ్మా ఉన్నాం. స్నానం చేయించినప్పుడు ఆడవాళ్ళు దవడకు గుడ్డ కడుతూ, "ఓలమ్మ, ఒక్కటీ ఊడనేదు సూడండే" అని ముచ్చటపడ్డారు. గ్రూపులో చేతులు జోడించినవాళ్ళకు ఆ ముచ్చటే అందింది కాబోలు. మిగతాది ఎవరూ చెప్పుకోరు. వంశంలో నిండు పళ్ళుండటం గొప్ప, అంగిలి లేకపోవడం సిగ్గు.

ఇప్పుడు మా అమ్మ విజయనగరంలో నా దగ్గరే ఉంటోంది. నాకు రెండు పళ్ళు కట్టుడువి, ఇంకోటి కదులుతోంది. ఆరునెలలకోసారి చూపించుకుంటాను. రాత్రి తోముకున్నాక అద్దం ముందు ఫోను లైటు వేసుకుని తలెత్తి "ఆ" అంటాను. నాలుక కింద, బుగ్గల లోపల, అంగిలి మీద మానని పుండు, తెల్ల మచ్చ ఏమైనా ఉందేమోనని చూస్తాను. మా అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ. దాని చేత కూడా అనిపిస్తాను.

కానీ నాకూ అమ్మకూ ఒక తగాదా తెగలేదు. ఆ మధ్యాహ్నం అమ్మమ్మ కళ్ళు తెరిచి, అమ్మ చెయ్యి లాగి, ఒక మాట అడిగింది. నీళ్ళన్నదని అమ్మ. నిప్పన్నదని నేను. అంగిలి లేని మనిషి నోట్లో రెండు మాటలూ ఒకేలా వస్తాయి. 'నీను' అనో 'నిమ్ము' అనో ఏదో అంది. అమ్మ చెంచాతో నీళ్ళు పోసింది. అవి ముక్కులోంచి చెంపల మీదికి కారాయి. అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది.

"సాలని ఊపిందే" అంటుంది అమ్మ.

"అది కాదని ఊపిందే. చేతిలో ఉన్న చుట్టకి నిప్పడిగింది" అంటాను నేను.

నా దగ్గర రుజువులున్నాయి. ఆవిడ కళ్ళు పొయ్యి వైపే ఉన్నాయి. అమ్మ దగ్గర ఏమీ లేదు, "నా తల్లి మాట నాకు తెల్దేటి?" అన్న ఒక్క ముక్క తప్ప. ఇంట్లో ఏ వాదనలోనూ నేను ఓడిపోను, అందరికీ తెలుసు. ఈ ఒక్కదాంట్లో మాత్రం, చివరికి అమ్మే నెగ్గితే బాగుండుననిపిస్తుంది.